ఇల్లు బాగయిందని ఎవరు చెప్పాలి?

(దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో వరకట్నం గురించి మాట్లాడుకుంటాం. మనోవర్తి గురించి, పనిచేసే చోట వేధింపుల గురించి మాట్లాడుకుంటాం. ఇంటి బీమా గురించి మాత్రం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అది డబ్బున్నవాళ్ల వ్యవహారమనో, మగవాళ్ల వ్యవహారమనో మనకొక అభిప్రాయం. నిజానికి బ్యాంకు అప్పుతో కట్టుకున్న చిన్న ఇళ్లలో చాలావాటికి ఈ రోజుల్లో ఏదో ఒక అగ్ని బీమా పాలసీ ఉంటోంది. అప్పు కాగితాలతో పాటు దాని మీద కూడా సంతకం పెట్టించుకుంటారు. పెట్టేది చాలా ఇళ్లలో భర్త. ఆ పాలసీ ఇంట్లో ఎక్కడుందో భార్యకు తెలియదు. చాలాసార్లు భర్తకీ తెలియదు, బ్యాంకు ఫైల్లో ఉంటుంది.

ఇల్లు కాలినప్పుడు పరిహారం కోసం తిరిగే కాగితాల్లో మన పేరు ఉండదు. కాలిన ఇంట్లో మర్నాడు పొయ్యి వెలిగించాల్సింది మాత్రం మనమే. ఈ పరిస్థితి వల్ల మనకు జరిగే నష్టం గురించి, దాన్ని ఎదుర్కొనే దారుల గురించి ఈ రోజు నేను చెప్పదలుచుకున్నాను. నేను లాయర్ని కాను, టీచర్ని. మా ఇంట్లో జరిగినదాని వల్ల నేర్చుకున్న విషయాలు ఇవి.

మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్ నుంచి సరూర్‌నగర్ చెరువు వైపు వెళ్లే కాలనీల్లో ఒకదానిలో ఉంది. పైన మేము, కింద అద్దెకున్నవాళ్లు. 2022 మే నెలలో మా వంటింట్లో షార్ట్ సర్క్యూట్ అయి మంటలు లేచాయి. అందరం బయటపడ్డాం. వంటిల్లు పూర్తిగా, పక్కగది సగం కాలాయి. ఇల్లంతా పొగచూరింది. మంటలార్పిన నీళ్లు కింది వాటాలోకి కారాయి. 2017లో తీసుకున్న ఇంటి అప్పుతో పాటు వచ్చిన పాలసీ ఒకటి ఉంది కాబట్టి గట్టెక్కుతామనుకున్నాం.

సర్వేయరు వచ్చారు. తలుపు తీసింది నేను. ఆయన అడిగిన మొదటి మాట, "సార్ లేరా మేడమ్?" మా ఆయన ఉద్యోగం నల్గొండలో, ఆదివారం గాని ఇంట ఉండరు. ఆ మాటే చెప్పాను. "అయితే ఫోన్‌లో మాట్లాడతాను లెండి" అని ఫొటోలు తీసుకుని వెళ్లారు. ఆ వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో, ఏ గోడకు ఎప్పటి నుంచి చెమ్మ ఉందో, ఏ స్విచ్చు దగ్గర మొదట పొగ వచ్చిందో తెలిసిన మనిషి ఎదురుగా నిలబడి ఉంది. ఆమెను ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ సర్వేయరు చెడ్డవాడని నేను అనను. పాలసీలో పేరున్నవాడితో మాట్లాడటం ఆయనకు అలవాటు. ఆ అలవాటే మన నష్టానికి మొదలు.

మామూలుగా మన దేశంలో బీమా కంపెనీ డబ్బు ఇస్తుంది, పని మనం చేయించుకుంటాం. అయితే పాత ప్రామాణిక అగ్ని పాలసీలో ఒక షరతు ఉంది. కంపెనీ తలుచుకుంటే డబ్బు ఇవ్వడానికి బదులు తానే బాగుచేయించవచ్చు. అలా చేయించేటప్పుడు ఉన్నది ఉన్నట్టుగా తిరిగి కట్టాల్సిన పని లేదనీ, పరిస్థితులను బట్టి తగినంతగా చేస్తే చాలనీ ఆ షరతులోనే రాసి ఉంటుంది. మా విషయంలో కంపెనీ అదే దారి పట్టింది. వాళ్లకు తెలిసిన కాంట్రాక్టరు వచ్చాడు. పన్నెండు రోజుల్లో గోడలకు పుట్టీ పెట్టి రంగు వేశారు. స్లాబు కింద పెచ్చులూడిన చోట సిమెంటు పూశారు. కొత్త స్విచ్ బోర్డులు పెట్టారు. చూడటానికి ఇల్లు కొత్తగా ఉంది. మసిపూసి మారేడుకాయ చేయడం అంటారు కదా, ఇక్కడ మసి మీద రంగు పూసి కొత్త ఇల్లు చేశారు.

చివరి రోజున కాంట్రాక్టరు ఒక కాగితం తెచ్చాడు. పనులన్నీ తృప్తికరంగా పూర్తయ్యాయనీ, ఇకమీదట ఈ ప్రమాదానికి సంబంధించి ఏ రకమైన క్లెయిమూ చేయబోమనీ అందులో ఉంది. "సార్‌తో మాట్లాడాను మేడమ్, సరే అన్నారు. ఆదివారం వచ్చి సంతకం పెట్టించుకుంటాను" అన్నాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, తృప్తి అనే మాట గురించి ఆలోచించమని కోరుతున్నాను. ఎవరి తృప్తి? వారానికి ఒక్కరోజు ఇంట్లో ఉండే మనిషిదా? రోజుకు ఐదారు గంటలు ఆ వంటింట్లో నిలబడే మనిషిదా? అగ్నిప్రమాదం తర్వాత జరిగే మరమ్మతుల్లో తప్పులు కంటికి కనబడేవి కావు. అక్కడ బతికే మనిషికి ముక్కుకూ, చేతికీ తెలిసేవి. అవేమిటో మీరు గుర్తుపట్టగలిగేలా చెబుతాను.

మొదటిది మసి. ప్లాస్టిక్ డబ్బాలు, ఫ్రిజ్, వైర్లు కాలినప్పుడు వచ్చే మసి జిడ్డుగా ఉంటుంది. ముందు దాన్ని పొడిగా తుడవాలి, సబ్బు నీళ్లతో కడగాలి, గోడ బాగా ఆరనివ్వాలి, మరక పైకి రాకుండా పట్టి ఉంచే ప్రైమర్ వేయాలి. రంగు వేయడం చిట్టచివరి పని. కడగకుండా రంగు వేస్తే ఎండల్లో బాగానే ఉంటుంది. తొలకరి చెమ్మ తగలగానే పసుపు మరకలు పైకి తేలతాయి, కాలిన వాసన తిరిగి వస్తుంది. మా అత్తగారికి ఉబ్బసం ఉంది. జూన్‌లో మొదటి వానలు పడ్డాక ఆవిడ ఆ గదిలో పడుకోలేకపోయారు.

రెండోది వైరింగు. సాధారణ పీవీసీ వైరు తొడుగు 70 డిగ్రీల సెల్సియస్ వేడిని తట్టుకునేలా తయారుచేస్తారు. మంటలు లేచిన గదిలో గోడ లోపలి పైపుల్లో ఉన్న వైరు దానికి మించిన వేడిని చూసి ఉంటుంది. తొడుగు మెత్తబడుతుంది, పెళుసెక్కుతుంది. బయట కొత్త స్విచ్చు బిగించి లోపల పాత వైరు వదిలేస్తే మళ్లీ నిప్పును ఇంట్లో పెట్టుకున్నట్టే. పాలు కాచుకునే ఎలక్ట్రిక్ కెటిల్ పెట్టినప్పుడల్లా మా ఇంట్లో కరెంటు ట్రిప్ అయ్యేది.

మూడోది స్లాబు. కాంక్రీటు 300 డిగ్రీలు దాటి వేడెక్కితే బలం తగ్గడం మొదలవుతుంది. కొన్ని రకాల కంకరతో వేసిన స్లాబు లేత గులాబీ రంగుకు తిరుగుతుంది. పైన సిమెంటు పూస్తే ఆ రంగు కనబడదు. సుత్తితో మెల్లగా తట్టి చూస్తే మాత్రం బోలుగా మోగుతుంది. లోపల చువ్వలు ఎలా ఉన్నాయో ఇంజనీరు చూడాలి. పెచ్చులూడిన చోట మెత్తి వదిలేస్తే రేపు అది పడేది ఎవరి తల మీద?

నాలుగోది నీళ్లు. మంటలార్పడానికి కొట్టిన నీటి వల్ల జరిగిన నష్టం కూడా అగ్నిప్రమాద నష్టమే. గచ్చు కిందికీ, తలుపు చట్రాల్లోకీ పోయిన చెమ్మ ఆరకముందే పని ముగిస్తే చెక్క ఉబ్బుతుంది, గోడ బూజు పడుతుంది.

ఇవి నేను ఒక పుస్తకంలో రాసుకున్నాను. తేదీ వేసి, ఫొటో తీసి, ఏ మూల ఏముందో రాశాను. ఆదివారం మా ఆయన వచ్చారు. "ఇంకెన్నాళ్లు ఈ తలనొప్పి? రంగు వేశారు కదా, సంతకం పెట్టేద్దాం" అన్నారు. ఆయన అలసట నాకు అర్థమైంది. నెల్లాళ్లుగా ఆఫీసుకూ బ్యాంకుకూ ఫోన్లు చేస్తూ ఉన్నారు. కాని ఆ అలసట మీదే ఎదుటివాళ్లు లెక్క వేసుకుంటారు. "మీరు సంతకం పెడితే ఈ ఇంట్లో వంట చేయాల్సింది నేను. ఒక వానాకాలం చూసి పెట్టండి" అన్నాను. రెండు రోజులు ఇంట్లో మాటలు లేవు. తర్వాత ఆయనే పుస్తకం తీసుకుని ప్రతి మూలా తిరిగి చూశారు. సంతకం పెట్టలేదు. ఇంట్లో ఈ మాట గట్టిగా అనడం, కంపెనీకి ఉత్తరం రాయడం కంటే కష్టమైన పని. మనలో చాలామంది అక్కడే ఆగిపోతారు. అందుకే ఈ విషయం స్త్రీల వేదిక మీద మాట్లాడాలని అనుకున్నాను.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం.

అప్పటికే సంతకం పెట్టేసినవాళ్లు ఇక దారి లేదని అనుకోవద్దు. యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ కంపెనీకీ అజ్మేర్ సింగ్ కాటన్ మిల్లుకీ మధ్య నడిచిన కేసులో 1999లో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన విషయం తేల్చింది. డిశ్చార్జి ఓచరు మీద సంతకం ఉన్నంత మాత్రాన వినియోగదారు హక్కు పోదు. మోసం చేసో, తప్పుడు మాటలు చెప్పో, ఒత్తిడి పెట్టో ఆ సంతకం తీసుకున్నారని చూపగలిగితే మిగతా పరిహారం అడగవచ్చు. బీమా నియంత్రణ సంస్థ కూడా 2015 సెప్టెంబరులో కంపెనీలకు సర్క్యులరు పంపింది. ఆ ఓచరును చూపించి, ఎక్కువ పరిహారం కోసం న్యాయస్థానాలకు వెళ్లే హక్కును మూసేయకూడదని అందులో చెప్పింది. అయితే ఒత్తిడి జరిగిందని చూపించే భారం మన మీదే ఉంటుంది. కాబట్టి సంతకం పెట్టక తప్పని పరిస్థితి వస్తే, పక్కనే మన చేతిరాతతో "మిగిలిన పనుల మీద అభ్యంతరం ఉంది" అని రాసి పెట్టాలి. అదే రోజు ఉత్తరం పంపాలి.

రెండో సంగతి సర్వేయరు రిపోర్టు. అది వేదవాక్కు కాదు. న్యూ ఇండియా అస్యూరెన్స్, ప్రదీప్ కుమార్ కేసులో 2009లో సుప్రీంకోర్టు ఈ మాటే స్పష్టం చేసింది. సర్వేయరు అంచనా ముఖ్యమైన ఆధారమే, కాని దానికి భిన్నంగా తేల్చకూడదని ఏమీ లేదు. ఆ రిపోర్టు నకలు అడిగి తీసుకోవాలి. అందులో ఏ గదికి ఎంత వేశారో, ఏది వదిలేశారో చూడాలి. మాకు రిపోర్టు వచ్చాక తెలిసింది, వైరింగు కింద స్విచ్ బోర్డులు తప్ప మరేమీ లెక్కించలేదని.

సర్వేయరు కోసం, కంపెనీ జవాబు కోసం ఎన్నాళ్లు ఎదురుచూడాలి? 2024లో నియంత్రణ సంస్థ ఈ గడువులను బాగా తగ్గించింది. ప్రమాదం సంగతి తెలియజేసిన 24 గంటల్లో సర్వేయరును నియమించాలి. ఆయన 15 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. రిపోర్టు అందిన 7 రోజుల్లో కంపెనీ తన నిర్ణయం చెప్పాలి. ఈ అంకెలు మీ పుస్తకాల్లో రాసుకోండి. ఆఫీసు కౌంటరు దగ్గర "టైము పడుతుందమ్మా" అన్నప్పుడు పనికొస్తాయి.

మేము చేసినది వరసగా చెబుతాను. సొంత డబ్బుతో ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించి స్లాబు చూపించాం. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో వైరింగు పరీక్ష చేయించి రాతపూర్వకంగా తీసుకున్నాం. ఈ రెండు రిపోర్టులూ, ఫొటోలూ, నా పుస్తకంలోని జాబితా జతచేసి కంపెనీ ఫిర్యాదుల అధికారికి రిజిస్టరు పోస్టులో పంపాం. క్లెయిమ్ విషయంలో నా తరఫున నా భార్య మాట్లాడుతుందని మా ఆయన సంతకంతో ఒక అధికార పత్రం కూడా పెట్టాం. ఆ ఒక్క కాగితంతో "సార్‌ని పిలవండి" అనే మాట ఆగింది.

నెల దాటినా సరైన జవాబు రాలేదు. అప్పుడు బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లాం. మన హైదరాబాదులోనే ఆ కార్యాలయం ఉంది. ఫీజు లేదు. అక్కడ లాయర్లకు ప్రవేశం లేదు, మన మాట మనమే చెప్పుకోవాలి. కంపెనీ నెలరోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా ఏడాదిలోపు వెళ్లవచ్చు. ఇప్పుడు 50 లక్షల రూపాయల వరకు తగాదాలు వింటారు. విచారణకు ఇద్దరం వెళ్లాం. ప్రశ్నలు ఆయన్ని అడిగారు, జవాబులు నేను చెప్పాను. పుస్తకంలో తేదీలు చూసి చెబుతుంటే కంపెనీ తరఫున వచ్చినాయన కూడా అభ్యంతరం పెట్టలేకపోయారు. చివరికి ఇల్లంతా వైరింగు మార్చడానికీ, స్లాబు సరిగా బాగుచేయడానికీ, గోడలు కడిగి మళ్లీ రంగు వేయడానికీ డబ్బు వచ్చింది. ఈసారి పని మేమే చేయించుకున్నాం. మూడు నెలలు బయట అద్దెకున్న ఖర్చు రాలేదు, మా పాత పాలసీలో ఆ రక్షణ లేదు.

అంబుడ్స్‌మన్ దారి కాకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక మనం ఉంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు, కంపెనీ ఆఫీసు ఉన్న ఊరికి పరుగెత్తనక్కర్లేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. బీమాలో మనం చెల్లించేది ప్రీమియం కాబట్టి మనలాంటి వాళ్లకు ఫీజు పడదు. 2025 జనవరి నుంచి ఇ-జాగృతి ద్వారా ఆన్‌లైన్‌లో వేయవచ్చు. గడువు రెండేళ్లు. ఒక్క జాగ్రత్త ఉంది. కమిషన్‌లో కేసు నడుస్తుండగా అంబుడ్స్‌మన్ మన ఫిర్యాదు తీసుకోరు. ముందు అంబుడ్స్‌మన్, అక్కడ న్యాయం జరగకపోతే కమిషన్, ఈ వరస మంచిది. ఈ లోగా రెండేళ్లు దాటిపోకుండా చూసుకోవాలి.

మూడో దారి చాలామందికి తెలియదు. రంగారెడ్డి జిల్లా కోర్టులు మన ఎల్.బి.నగర్‌లోనే ఉన్నాయి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కూడా అక్కడే. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరకాలి. ఆ చట్టం కిందే ప్రజోపయోగ సేవల కోసం శాశ్వత లోక్ అదాలత్‌లు ఏర్పడ్డాయి. బీమా కూడా ఆ సేవల్లో ఒకటి. కోటి రూపాయల లోపు తగాదాలు వింటారు, కోర్టు ఫీజు ఉండదు. ముందు రాజీ ప్రయత్నిస్తారు, కుదరకపోతే తీర్పు చెబుతారు. ఆ తీర్పు మీద మామూలు అప్పీలు లేదు, అక్కడ దరఖాస్తు పెట్టాక అదే తగాదాను వేరే కోర్టుకు తీసుకుపోలేం. అందుకని ఆలోచించుకుని వెళ్లాలి.

ఇప్పటిదాకా చెప్పింది పాలసీ ఉన్న ఇంటి సంగతి. మా కింది వాటాలో అద్దెకున్న చెల్లెలి సంగతి చెప్పకపోతే ఈ ఉపన్యాసం సగమే అవుతుంది. ఆమె ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. పెళ్లిళ్ల కాలం. పది పదిహేను జాకెట్లు, పట్టుచీరల ఫాల్సు పని ఆమె దగ్గర ఉన్నాయి. మంటలు ఆమె గదికి రాలేదు. పైనుంచి కారిన మసినీళ్లకు అన్నీ పాడయ్యాయి. మిషను తుప్పు పట్టింది. ఇంటి యజమాని పాలసీ అద్దెకున్నవాళ్ల సామానుకు వర్తించదు. మాకు సర్వేయరు వచ్చాడు, కాంట్రాక్టరు వచ్చాడు. ఆమె దగ్గరికి వచ్చింది బట్టలిచ్చిన ఖాతాదారులు మాత్రమే. ఇంట్లో కూర్చుని చేసే స్త్రీల పనిని పని కింద లెక్కపెట్టని సమాజంలో, ఆ పనికి జరిగిన నష్టాన్ని మాత్రం ఎవరు లెక్కపెడతారు?

ఇప్పుడు కొంత అవకాశం ఉంది. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇంటి అగ్ని బీమాకు భారత్ గృహ రక్ష అనే ప్రామాణిక పాలసీ అమ్ముతున్నారు. అద్దెకున్నవాళ్లు కూడా తమ సామాను వరకు తీసుకోవచ్చు. సొంత ఇంటికి తీసుకుంటే కట్టడం విలువలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా సామానుకు దానంతట అదే రక్షణ వస్తుంది. ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోతే బయట కట్టే అద్దెకూ ఇందులో చోటుంది. ప్రమాదం తర్వాత 7 రోజుల్లో దాని కారణంగానే దొంగతనం జరిగితే ఆ నష్టమూ వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, తక్కువ విలువకు బీమా చేశారనే కోత ఇందులో లేదు. పాత పాలసీల్లో 30 లక్షల ఇంటికి 20 లక్షలకు బీమా చేసి ఉంటే, 3 లక్షల నష్టానికి 2 లక్షలే చేతికిచ్చేవాళ్లు. బ్యాంకు అప్పులతో వచ్చిన దీర్ఘకాలపు పాత పాలసీలు ఇంకా కొన్ని ఇళ్లకు ఉన్నాయి. మీది ఏ రకమో ఈ వారంలోనే చూసుకోండి. బంగారానికి విడిగా చెప్పి చేయించుకోవాలి. నగదుకూ, దస్తావేజులకూ బీమా ఉండదు. కుట్టుపని, పచ్చళ్ల వ్యాపారం సరుకు ఇంటి పాలసీలోకి రాదు. చిన్న వ్యాపారాలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అని వేరే పాలసీ ఉంది.

ఏ పాలసీ లేని ఇళ్లకు కూడా ఒక రక్షణ ఉంది, అది గ్యాసు సిలిండరు వల్ల జరిగే ప్రమాదాలకు. ఇండియన్ ఆయిల్, హెచ్‌పీ, భారత్ గ్యాస్ కంపెనీలు ఖాతాదారులందరి తరఫునా తామే ప్రీమియం కట్టి బీమా తీసుకుంటాయి. మరణిస్తే మనిషికి 6 లక్షలు, వైద్యానికి మనిషికి 2 లక్షల వరకు, కనెక్షను నమోదైన ఇంట్లో ఆస్తి నష్టానికి 2 లక్షల వరకు పరిమితి. వెంటనే గ్యాసు ఏజెన్సీకి రాతపూర్వకంగా తెలపాలి, వాళ్లే పైకి పంపాలి. కనెక్షను ఒక చిరునామాలో ఉండి మనం మరోచోట ఉంటే ఆస్తి నష్టం అందదు. ఇల్లు మారినప్పుడల్లా చిరునామా మార్పించుకోవడం అందుకే అవసరం.

ప్రాణాలు పోయిన ప్రమాదాలను మనం మర్చిపోలేదు. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్, 2025 మేలో గుల్జార్ హౌజ్. గుల్జార్ హౌజ్‌లో ఒక్క ఇంట్లో 17 మంది పోయారు, వారిలో 8 మంది పిల్లలు. అలాంటి వార్తల ముందు వైరింగు గురించి, రంగు గురించి మాట్లాడటం చిన్న విషయంలా కనిపించవచ్చు. కాని సరిగా బాగుచేయని వైరింగే రేపటి ప్రమాదం. ఇల్లు మళ్లీ భద్రంగా ఉందా లేదా అన్నది సౌకర్యం గురించిన ప్రశ్న కాదు, ప్రాణం గురించిన ప్రశ్న.

చివరిగా మన సంఘం ముందు కొన్ని ప్రతిపాదనలు పెడుతున్నాను.

ఒకటి, ప్రతి సభ్యురాలూ తన ఇంటి పాలసీ నకలు బ్యాంకు నుంచి తెప్పించుకోవాలి. ఇల్లు ఉమ్మడి పేరున ఉంటే పాలసీలో కూడా ఇద్దరి పేర్లూ ఉండాలని రాసి ఇవ్వాలి. ఇల్లే భర్త పేరున ఉన్నచోట కనీసం అధికార పత్రం ముందే సిద్ధం చేసి పెట్టుకోవాలి.

రెండు, అగ్నిప్రమాదం జరిగిన ఇంటికి సంఘం నుంచి ఇద్దరు వెళ్లాలి. సర్వేయరు వచ్చేలోగా కాలిన వస్తువులు పారేయకుండా చూడాలి, ఫొటోలు తీయించాలి, అగ్నిమాపక శాఖ నుంచి రిపోర్టు కోసం దరఖాస్తు రాయించాలి. సర్వేయరు ఇల్లు చూసేటప్పుడు ఆ ఇంటి స్త్రీ పక్కన నిలబడాలి. ఆమె చెప్పేది రాసుకోమని అడగాలి. ఆమె రాసిన జాబితా మీద "అందింది" అని సంతకం తీసుకోవాలి.

మూడు, పని పూర్తయిందనే కాగితం మీద ఆ ఇంట్లో ఉండే స్త్రీ సంతకం కూడా తప్పనిసరి చేయాలని నియంత్రణ సంస్థకు మనం వినతిపత్రం ఇవ్వాలి. ఆ సంస్థ కార్యాలయం మన హైదరాబాదులోనే, గచ్చిబౌలిలో ఉంది. పదిమంది కలిసి వెళ్లి ఇవ్వడం కష్టం కాదు.

నాలుగు, ఇంట్లో కుట్టుపని, వంటపని చేసి బతికే స్త్రీల పనిముట్లకు బీమా చేయించే విషయాన్ని మన పొదుపు సంఘాల సమావేశాల్లో చర్చకు పెట్టాలి. మా కింది వాటా చెల్లెలు ఏడాదిపాటు అప్పు తీర్చింది. అలాంటి పరిస్థితి మరొకరికి రాకూడదు.

నేను పుస్తకం అన్నది పిల్లల రఫ్ నోటుబుక్కే. ఇక్కడికి తెచ్చాను. కావలసినవాళ్లు చూడవచ్చు, ఏ వరసలో రాయాలో నకలు చేసుకోవచ్చు. పాలసీ కాగితాలు తెచ్చినవాళ్లు సభ అయ్యాక ఆగండి, కూర్చుని చదువుకుందాం.